పత్తర్‌గట్టి లెక్క, బోర్డింగు బడి పలక

శతాబ్ది సంచికలో సంఘముల చరిత్రను గురించి, గురువుల సేవను గురించి, ఆలయ నిర్మాణాలను గురించి వ్రాయదగిన పెద్దలు మన అధ్యక్ష మండలంలో చాలామంది వున్నారు. మేము లెక్కల పంతుళ్ళము. మిషను బోర్డింగులలో అన్నం తిని, ఆ బోర్డింగులలోనే పిల్లలకు త్రైరాశికం చెప్పి, పదవీ విరమణ చేసినవారము. కనుక మాకు తెలిసిన ఒక్క సంగతినే ఇక్కడ మనవి చేస్తున్నాము. మన హైదరాబాదు ప్రాంతంలో లెక్కల చదువు ఎవరికి దొరికింది, ఏ భాషలో దొరికింది, ఏ దీపం క్రింద దొరికింది అన్నదే ఆ సంగతి.

లెక్క అందరికీ ఒకటే. రెండు రెళ్ళు దేవిడీలోనూ నాలుగే, పూరి గుడిసెలోనూ నాలుగే. కాని ఆ రెండు రెళ్ళు నేర్చుకొనే వసతి అందరికీ ఒకటిగా దొరకలేదు. ఈ చరిత్ర చెప్పడానికి పాఠశాల గేటు దగ్గర మొదలుపెట్టడం కంటే బజారులో మొదలుపెట్టడం మేలని మాకు తోచింది. అందుకే పత్తర్‌గట్టికి రమ్మని పాఠకులను ఆహ్వానిస్తున్నాము.

బజారు లెక్క

చార్మినారు దగ్గర బయలుదేరి, గుల్జార్ హౌజ్ దాటి మదీనా వైపు నడిస్తే ఇరుప్రక్కల రాతి కమానులతో ఒకే తీరున కట్టిన అంగళ్ళ వరుస కనిపిస్తుంది. అదే పత్తర్‌గట్టి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ పిమ్మట 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు పాతబస్తీని చక్కదిద్దే పనిలో ఈ రాతి బజారును కట్టించింది. ముత్యాలకు, అత్తరుకు, పెళ్ళిబట్టలకు అది నేటికీ పేరుపడ్డ చోటు.

ఆ ముత్యాల అంగడిలో ఒక లెక్క వున్నది. బియ్యం బరువు రెట్టింపయితే వెల రెట్టింపవుతుంది. సహజమైన ముత్యం విషయంలో అట్లా కాదు. ముత్యం వెల దాని బరువును బట్టి కాక, బరువు యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒక గురిగింజ ఎత్తు ముత్యానికి ఒక పాలు వెల అనుకుంటే, అదే రకం ముత్యం రెండు గురిగింజల ఎత్తు తూగితే నాలుగు పాళ్ళు, మూడు తూగితే తొమ్మిది పాళ్ళు. నాలుగు సమానమైన ముత్యాలు కలిసి ఎనిమిది గురిగింజలు తూగితే, ఎనిమిదిని ఎనిమిదితో హెచ్చవేసి, వచ్చిన 64ను ముత్యాల సంఖ్య అయిన 4తో భాగిస్తారు. 16 పాళ్ళు వస్తుంది. ఒక్కొక్క ముత్యాన్ని విడిగా లెక్కించినా అంతే వస్తుంది. ఈ పద్ధతిలో వాడే కొలతకు 'చవు' అని పేరు. సాగుచేసిన ముత్యాలు బజారు నిండాక దీని అవసరం తగ్గింది గాని, బీజగణితం పుస్తకం తెరవని వర్తకులు తరతరాలుగా వర్గాలను నోటితోనే కట్టినారన్నది గమనించదగిన విషయం.

ఇక నాణేల లెక్క. నిజాం రాజ్యానికి హాలీ సిక్కా అనే సొంత రూపాయి వుండేది. బ్రిటిషు ఇండియా రూపాయలు ఆరింటికి హాలీ రూపాయలు ఏడు అన్నది అలవాటైన మారకం. 100 బ్రిటిషు రూపాయలకు హాలీలో ఎంత అని అడిగితే 116 రూపాయల 10 అణాల 8 పైసలు అని జవాబు చెప్పాలి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 చిన్న పైసలు. సికింద్రాబాదులో బ్రిటిషు రూపాయి జీతం తీసుకుని, పత్తర్‌గట్టిలో హాలీ రూపాయితో చీర కొనే మనిషికి భిన్నాల గుణకారం రాకపోతే రోజూ నష్టమే.

తేదీలలో కూడా లెక్కే. దఫ్తరాలలో ఫసలీ సంవత్సరం నడిచేది. అక్టోబరులో అజూర్ మాసంతో ఏడాది మొదలయ్యేది గనుక, డిసెంబరు ఆఖరు దాకా ఫసలీకి 590 కలపాలి, జనవరి నుండి 591 కలపాలి. బడి రిజిస్టరులో వ్రాసిన పుట్టిన సంవత్సరాన్ని క్రీస్తు శకంలోకి మార్చబోయి ఒక ఏడాది పొరబడిన గుమాస్తాలు తక్కువమంది కాదు.

చార్మినారు సంగతి కూడా ఒక మాట. మా వంటి పంతుళ్ళకు అది ఒక పెద్ద గడకర్ర. జనవరి నెలలో మిట్టమధ్యాహ్నం ఆరడుగుల కర్రను నిలబెడితే నీడ సుమారు నాలుగున్నర అడుగులు పడుతుంది. అదే సమయానికి మినారు నీడ 120 అడుగులు పడితే ఎత్తు ఎంత? త్రైరాశికం వేస్తే 160 అడుగులు. నిచ్చెన ఎక్కకుండా ఎత్తు కొలవడం పిల్లవానికి ఒక్కసారి చేసి చూపితే, సరూప త్రిభుజాలను గురించి మరి బెత్తం పట్టనక్కర లేదు.

దేవిడీలో చదువు

బజారులో ఇంత లెక్క వుండగా బడిలో ఏమున్నది? పత్తర్‌గట్టిని ఆనుకునే దివాన్ దేవిడీ వుండేది. 1853 నుండి 1883 దాకా దివానుగా వున్న మొదటి సాలార్‌జంగు వంశం వారి నివాసమది. 1951లో సాలార్‌జంగ్ మ్యూజియమును మొట్టమొదట తెరిచినది కూడ ఆ దేవిడీలోనే. 1968లో అది మూసీ ఒడ్డున వున్న ఇప్పటి భవనానికి మారింది.

సాలార్‌జంగు దివాను అయిన కొద్ది ఏళ్ళకే పాతబస్తీలో దారుల్ ఉలూమ్ అనే విద్యాలయాన్ని స్థాపించాడు. అరబ్బీ, పారశీకాలు అందులో ప్రధానం. అటు తరువాత 1870 దశకంలో ప్రభు కుటుంబాల పిల్లలకోసం మదర్సా-ఎ-ఆలియా వెలసింది. దాని పై తరగతులు పెరిగి 1887లో నిజాం కళాశాల అయింది. అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం గనుక అక్కడి లెక్క ఇంగ్లీషులో నడిచింది. అంతకు ముందే, షమ్సుల్ ఉమరా బిరుదు గల పాయిగా నవాబు ఫఖ్రుద్దీన్ ఖాన్ గణితం మీద, యంత్రాల మీద మక్కువతో ఒక మదర్సా నడిపి, పాశ్చాత్య విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి మార్పించి, సొంత అచ్చుకూటంలో అచ్చువేయించాడు.

క్రైస్తవ సంఘాల వైపు నుండి 1834లో సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు, 1855లో ఆల్ సెయింట్స్ పాఠశాల వచ్చినవి. వీటిలో బోధన ఇంగ్లీషులో. నగరంలో మంచి లెక్కల చదువుకు బాట వేసిన సంస్థలుగా వీటిని శ్లాఘించవలసిందే. అయితే ఈ జాబితాలో ఒక లోటు పాఠకులు గమనించే వుంటారు. పారశీకం వుంది, ఉర్దూ వుంది, ఇంగ్లీషు వుంది. రాజ్యంలో సగానికి దగ్గరగా వున్న జనం మాట్లాడే తెలుగు పైచదువులలో ఎక్కడా కానరాదు.

త్రిభుజానికి మూడు పేర్లు

1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఫర్మానా వెలువడింది. 1919లో తరగతులు మొదలైనవి. దేశభాషలో ఉన్నత విద్య చెప్పవచ్చునని చూపిన గొప్ప ప్రయత్నమది. మౌల్వీ అబ్దుల్ హక్ గారి ఆధ్వర్యంలో తర్జుమా శాఖ ఏర్పడి, గణితంతో సహా అనేక శాస్త్రాల పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చింది. పత్తర్‌గట్టికి నడక దూరంలో, మూసీ ఒడ్డున విన్సెంట్ ఎష్ రూపొందించిన భవనంలో సిటీ హైస్కూలు, తరువాత సిటీ కాలేజీ ఈ మాధ్యమంలోనే నడిచినవి.

అయితే తెలుగు పల్లె నుండి వచ్చిన కుర్రవాని అవస్థ ఊహించండి. ఇంట్లో కూడిక, తీసివేత, హెచ్చవేత అని నేర్చుకున్నాడు. నగరానికి వస్తే జమా, తఫ్‌రీక్, జర్బ్ అన్నారు. త్రిభుజం ముసల్లస్ అయింది, కోణం జావియా అయింది, బీజగణితం జబ్ర్-ఓ-ముకాబలా అయింది. ఇంగ్లీషు బడికి పోతే ఇంకొక పేరు. పుస్తకంలో అక్షరాలు కుడి నుండి ఎడమకు నడుస్తాయి, అదే వాక్యంలోని అంకెలు ఎడమ నుండి కుడికి నడుస్తాయి. కన్ను ఒకే వరుసలో ముందుకూ వెనక్కూ పోవాలి.

కష్టమంతా మాటలోనే, అంకెలో లేదు. ఎవరైనా సరే, ఏ భాషలో ఎక్కాలు మొదట వల్లించారో ఆ భాషలోనే జీవితాంతం లెక్క కడతారు. ఇంగ్లీషులో పాఠం చెప్పే పెద్ద ప్రొఫెసరు కూడా కూరగాయల బేరం దగ్గర ఏడు ఎనిమిదులు యాభైయారు అని లోలోన తెలుగులో గొణుక్కోవడం మేము విన్నాము. తెలుగుకు ఈ శక్తి కొత్తగా వచ్చింది కాదు. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చి దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు. వీధిబడిలో పిల్లలు పాతిక, పరక, వీసం, కాణీ అంటూ భిన్నాల ఎక్కాలను పాటలా పాడేవారు. రూపాయిలో నాలుగో వంతు పాతిక, ఎనిమిదో వంతు పరక, పదహారో వంతు వీసం, అరవై నాలుగో వంతు కాణీ. ఎంత చక్కని సోపానం!

ఈ లోటు తీర్చడానికి నగరంలోని తెలుగువారు కొందరు పూనుకున్నారు. 1918లో రాజబహదూర్ వెంకట్రామారెడ్డి గారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసి, పల్లెల నుండి వచ్చిన విద్యార్థులకు నీడ అయింది. 1928లో మాడపాటి హనుమంతరావు గారు తదితరులు ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో పాఠశాల పెట్టినారు. ఆ బాలికలు ఉస్మానియా పరీక్షకు బదులు, దూరాన వున్న కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షకు కూర్చోవలసి వచ్చింది. స్వంత వూరిలో స్వంత భాషలో లెక్క చేసి, మార్కులకోసం మహారాష్ట్రం వైపు చూడవలసి వచ్చిందన్న మాట.

జాగీర్దారు బిడ్డ, జీతగాని బిడ్డ

1923లో బేగంపేటలో జాగీర్దార్ కళాశాల స్థాపితమైంది. పేరుకు కళాశాలయే గాని అది ఇంగ్లండులోని పబ్లిక్ స్కూళ్ళ ఫక్కీలో నడిచిన వసతి పాఠశాల. పాతబస్తీ దేవిడీలలో పుట్టిన బిడ్డలకు ఇంటి నౌకర్లకు దూరంగా, గంట ప్రకారం లేచి, గంట ప్రకారం చదివే అలవాటు చేయడం దాని ఉద్దేశం. ఆ పిల్లలు రేపు వందల ఎకరాల శిస్తును, పన్నులను, గుమాస్తాల చిట్టాలను చూడవలసినవారు. లెక్క రాని జాగీర్దారు తన ముత్సద్దీ చేతిలో బొమ్మ. కనుక వారికి గణితం ఏలుబడికి కావలసిన సాధనం.

దాదాపు అదే కాలంలో మన మిషను బోర్డింగులు పల్లెల నుండి మరొక రకం పిల్లలను చేర్చుకుంటున్నవి. మెదకులో పాస్నెట్ దొరగారు, 1912 డిసెంబరు 29న బిషపుగా అభిషిక్తులైన అజరయ్య గారి నాయకత్వాన దోర్నకల్లు వారు, ఇతర మిషనుల వారు నడిపిన బడులకు వచ్చినది ఎక్కువగా వ్యవసాయ కూలీల పిల్లలు, జీతగాళ్ళ పిల్లలు. తండ్రి దొరవద్ద తీసుకున్న అప్పు క్రింద తానూ పశువులు కాయవలసిన పిల్లవాడు పలక పట్టుకుని బోర్డింగుకు వచ్చాడు. ఊరిలో అతనికి మొదటి ఎక్కం చెప్పినది ఉపదేశిగారు. అతనికి లెక్క ఏలుబడికి కాదు, విడుదలకు కావాలి.

ఎట్లాగో లెక్క వేసి చూడండి. రూపాయికి నెలకు కాణీ వడ్డీ అంటే వినడానికి స్వల్పం. పన్నెండు నెలలకు పన్నెండు కాణీలు, అనగా మూడు అణాలు. నూటికి ఏడాదికి 18 ముప్పావు. రూపాయికి నెలకు అణా వడ్డీ అయితే ఏడాదికి 12 అణాలు, నూటికి 75. ఇక గింజల అప్పు సంగతి. మన పల్లెలలో దానిని నాగు అనేవారు. విత్తనాలకు ఒక బస్తా తెచ్చుకుంటే కోతలయ్యాక బస్తాన్నర కొలవాలి. కొలవలేకపోతే బాకీ మీద మళ్ళీ అదే లెక్క. రెండో పంటకు రెండుంబావు, మూడో పంటకు మూడు బస్తాల మీద మూడు పరకలు, నాలుగో పంటకు అయిదు బస్తాలను దాటుతుంది. ఈ నాలుగు మెట్ల గుణకారం తెలియకనే ఎన్నో కుటుంబాలు తరాల తరబడి వెట్టిలో మ్రగ్గినవి. వేలిముద్ర వేసే ముందు ఆ కాగితం మీది అంకె చదవగలిగిన కొడుకు ఒకడు ఇంట వుంటే, షావుకారు కలం కొంచెం జాగ్రత్తగా నడుస్తుంది.

బేగంపేటలో జాగీర్దారు బిడ్డ చేసిన వడ్డీ లెక్క, దోర్నకల్లులో జీతగాని బిడ్డ చేసిన వడ్డీ లెక్క ఒక్కటే. అసలు, కాలం, రేటు అన్న మూడు మాటలే. ఒకరు పుచ్చుకొనే వైపు, మరొకరు ఇచ్చుకొనే వైపు. ఆ సూత్రం మాత్రం ఏ పక్షమూ వహించలేదు. మేము ఇన్నేళ్ళు ఈ పాఠం చెప్పినా ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా మాకు విస్మయమే.

స్టడీ గంట

వసతి బడిలో లెక్క ఎందుకు బాగా పట్టుబడుతుందని చాలామంది అడుగుతారు. తరగతిలో పంతులు చెప్పినప్పుడు లెక్క అందరికీ వచ్చినట్టే వుంటుంది. రానిది రాత్రి తెలుస్తుంది. పిల్లవాడు ఒంటరిగా కూర్చుని మొదటి లెక్క చేయబోయినప్పుడు అడ్డం పడుతుంది. ఆ నిమిషంలో దీపం, ప్రక్కన అడగదగిన మనిషి, ఇంకొక అరగంట కాలం, ఈ మూడూ వుంటే అడ్డం తొలగుతుంది. కూలి ఇంటిలో ఈ మూడింటిలో ఒకటైనా వుండడం కష్టం. బోర్డింగులో పెట్రొమాక్సు దీపం చుట్టూ చాపల మీద కూర్చున్న యాభైమందికి మూడూ వుండేవి. ఎనిమిదో తరగతి వాడు ఆరో తరగతి వానికి చెప్పేవాడు. అట్లా చెప్పడంలో చెప్పినవానికే ఎక్కువ వచ్చేది.

తెల్లవారుజామున ఎక్కాలు వల్లించడం మరొక ఆచారం. కంఠస్థం చేయించడం తప్పని ఈనాటి విద్యావేత్తలు అంటారు. అర్థం లేని కంఠస్థం తప్పే. కాని ఎక్కం నోట లేనివాడు భాగహారం మధ్యలో ఆగి, తాను ఏమి చేస్తున్నాడో మరిచిపోతాడు. నోరు ఎక్కం చూసుకుంటే బుద్ధి ఉపాయం చూసుకుంటుంది.

మా బోర్డింగులలో అంతా మేలే జరిగిందని చెప్పము. బెత్తానికి భయపడి లెక్కలనే ద్వేషించినవారు వున్నారు. ఆడపిల్లల విషయంలో ఇంకొక అన్యాయం జరిగింది. ఒకప్పుడు మన రాష్ట్రంలో ఉన్నత పాఠశాలలో జనరల్ లెక్కలు, కాంపోజిట్ లెక్కలు అని రెండు దారులుండేవి. సైన్సు వైపు, ఇంజనీరింగు వైపు పోదలచినవారికి కాంపోజిట్ కావాలి. ఆడపిల్లకు అంత లెక్క ఎందుకని ఇంటివారు, కొన్నిచోట్ల బడివారు కూడా, జనరల్ వైపు నడిపించారు. పదమూడేళ్ళ వయస్సులో పెట్టిన ఒక్క టిక్కుతో ఎన్నో తలుపులు మూసుకున్నవి.

దశాంశాలు వచ్చిన తరువాత

1949లో జాగీర్లు రద్దయినవి. జాగీర్దార్లకు ఇవ్వవలసిన పరిహారం కూడా ఆదాయానికి ఇన్ని రెట్లు అనే లెక్క మీదనే తేలింది. 1951లో జాగీర్దార్ కళాశాల హైదరాబాదు పబ్లిక్ స్కూలుగా మారి, ఇతర కుటుంబాల పిల్లలకు కూడా తలుపు తెరిచింది. సత్య నాదెళ్ళ, శంతను నారాయణ్ వంటి వారు అక్కడ చదివి ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి అణాలు, కాణీలు చరిత్రలో కలిసినవి. హాలీ రూపాయి కూడా ఆ దశకంతోనే సెలవు తీసుకుంది. పిల్లలకు ఎంతో భారం తగ్గింది. దానితోపాటు వీసాల ఎక్కం కూడా పోయింది.

1968లో తెలుగు అకాడమీ ఏర్పడి పై తరగతుల గణితం కూడా తెలుగులో చదివే వీలు కలిగింది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వ గురుకుల పాఠశాల మొదలైంది. ప్రతిభ గల పల్లెటూరి బిడ్డకు ఉచితంగా అన్నం, దీపం, పంతులు ఒక్కచోట ఇవ్వడమే గురుకులం సారాంశం. జాగీర్దారు బిడ్డకోసం బేగంపేటలో సమకూర్చిన దానిని బీద బిడ్డకు ప్రజల సొమ్ముతో సమకూర్చడమన్న మాట. మన మిషను బోర్డింగులు ఎంతో ముందే చాప మీద, పెట్రొమాక్సు క్రింద ఆ పని చేసినవని మనము గర్వించవచ్చు.

గర్వించి ఊరుకుంటే చాలదు. ఈనాడు చాలాచోట్ల బోర్డింగులు మూతపడినవి, లేదా పిల్లలు పడుకొని పోయే వసతిగా మిగిలినవి. ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది, దానిని మేము కాదనము. కాని తెలుగులో ఎక్కం రాక, ఇంగ్లీషులో ప్రశ్న అర్థం కాక, రెంటికీ మధ్య నిలిచిన పిల్లలను ఎక్కువగా చూస్తున్నాము. వారి చేతిలో ఫోను వున్నది, అది ఎంత పెద్ద గుణకారమైనా చేస్తుంది. అయితే ఫోనులోనే వచ్చే అప్పుల ప్రకటనలో రోజు వడ్డీని ఏడాది వడ్డీగా మార్చుకొని చూడమని అది తనంతట తాను చెప్పదు. నాగు లెక్క వేషం మార్చుకొని మళ్ళీ వచ్చింది.

కనుక ఈ శతాబ్ది సందర్భంలో మేము కోరేది పెద్ద భవనం కాదు. మన అధ్యక్ష మండలంలో ఇంకా నడుస్తున్న ప్రతి హాస్టలులోనూ రాత్రి ఒక గంట స్టడీ తిరిగి మొదలుపెట్టాలి. ఆ గంటకు లెక్కలు తెలిసిన ఒక మనిషి హాజరు కావాలి. విశ్రాంతి తీసుకుంటున్న మా వంటివారు ప్రతి పాస్టరేటులోనూ ఇద్దరు ముగ్గురు వున్నారు, పిలిస్తే వస్తారు. ఆడపిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టాలి. సామెతల గ్రంథం దొంగ త్రాసును గర్హించిందని మన పిల్లలకు ఆదివారం బడిలో చెబుతున్నాము. ఏ త్రాసు దొంగదో కనిపెట్టే విద్యను కూడా వారికి ఇవ్వవలసిన బాధ్యత మనదే. ఈ ఏడాదే, ఒక్క హాస్టలులోనైనా సరే, ఆ గంట కొట్టవలసిందిగా పెద్దలను వేడుకుంటున్నాము.